లాక్లన్ కిల్ట్

కిల్‌డారన్,
6 సెప్టెంబరు 1948

ఒరే టోర్మడ్,

కూర్చుని ఉత్తరం రాద్దామంటే ఈ ఇంట్లో ఎప్పుడు కుదిరి చచ్చింది కనుక! నల్లావుకి పొదుగు వాచింది. పాలు పిండబోతే తన్నుతోంది. పొయ్యిలోకి కోసి ఆరబెట్టిన పీటు మట్టిగడ్డలు వానకి మళ్లీ నాని బురదైపోయాయి. ఈ ఏడు ఎండ మొహం చూసిన పాపాన పోలేదు మన ద్వీపం. నువ్వు మాత్రం గ్లాస్గోలో ట్రాం షెడ్డులో వెచ్చగా ఉన్నావనుకుంటాను.

అసలు సంగతికి వస్తాను. యుద్ధంలో పోయిన మన ఊరి కుర్రాళ్ల పేర్లు చెక్కిన రాయి వచ్చింది. చర్చి వెనక కొండ మీద, సముద్రం కనిపించేలా నిలబెట్టారు. నవంబరు మొదటి ఆదివారం ముసుగు తీస్తారట. సంచి ఊది పైపులు వాయించడానికి నిన్ను పిలవమని బడి మాస్టారు ఫర్కర్ నాతో చెప్పాడు. ఊళ్లో పైపులు పట్టిన కుర్రాళ్లలో ప్రాణాలతో తిరిగొచ్చింది నువ్వొక్కడివే. ఇంకెవర్ని పిలుస్తారు?

నిన్న ఎఫీ అత్త వచ్చింది. చంకలో గుడ్డమూట. విప్పితే లాక్లన్ కిల్ట్, మోకాళ్లదాకా కుచ్చిళ్లు పోసిన ఆ గళ్ల ఉన్నిగుడ్డ. యుద్ధం నుంచి వచ్చాక పెళ్లికి కట్టుకుంటాడని వాడి కోసం దగ్గరుండి కుట్టించింది, గుర్తుందా? ఒక్కసారి కూడా ఒంటి మీద పడలేదు. "మా వాడికి ఎలాగూ రాసిపెట్టి లేదు. నీ తమ్ముడు కట్టుకుని వాయిస్తే నా కొడుకుని చూసుకున్నట్టే ఉంటుందే" అంది. నేను భోరుమన్నాను. ఆవిడ మాత్రం ఏడవలేదు, "టోర్మడ్ నడుము సన్నం, పట్టీ కాస్త జరిపి కుట్టాలి" అంటూ సూది అడిగింది.

వస్తున్నావని ఒక్క ముక్క రాయి. ఆవిడకి చెప్పాలి.

నీ అక్క,
ఇష్బెల్


గ్లాస్గో,
14 సెప్టెంబరు

అక్కా,

ఆవు పొదుగుకి వేడినీళ్ల కాపడం పెట్టు, అమ్మ అలాగే చేసేది.

వస్తాను. వాయిస్తాను కూడా. కానీ కిల్ట్ మాత్రం కట్టను. నల్ల ప్యాంటు, కోటు వేసుకుంటాను. ఆ కొండ సంగతి నీకు తెలియంది కాదు. నవంబరు గాలికి అక్కడ గొర్రెలే నిలబడవు. పైపులు వాయించేవాడికి రెండు చేతులూ వాటి మీదే ఉంటాయి. వెనక కుచ్చిళ్లు లేచిపోతే అదిమిపట్టడానికి మూడో చెయ్యి ఎక్కడినుంచి తేను? ఫాదర్ గారుంటారు, ఊరి ఆడవాళ్లంతా ఉంటారు. చచ్చిపోయినవాళ్ల పేర్ల ముందు అలాంటి అప్రదిష్ట నాకొద్దు.

ఎఫీ అత్తకి నువ్వే నచ్చజెప్పు. ఆవిడ నొచ్చుకోకుండా చెప్పడం నీకే చేతనవుతుంది.

టోర్మడ్


కిల్‌డారన్,
22 సెప్టెంబరు

ఏరా సిగ్గులమారీ,

నువ్వు రాసింది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పటాలంలో మీ సార్జెంటు, కిల్ట్ కింద ఎవడైనా ఏమైనా తొడుక్కున్నాడేమోనని అద్దం పెట్టి చూసేవాడని చెప్పి నాన్న చేత పొలమారేదాకా నవ్వించింది నువ్వు కాదూ? ఆ మనిషికి ఇప్పుడు గాలంటే భయమట!

గాలిలో కిల్ట్ కట్టడం తెలియనివాడిలా మాట్లాడకు. లాక్లన్‌ది బరువైన ఉన్ని, బజారులో దొరికే పల్చటి రకం కాదు. బొడ్డు పైకి కట్టి పట్టీలు గట్టిగా బిగించు, నడుము మీద వదులైతే గాలికి దారి దొరుకుతుంది. ముందు వేలాడే తోలుసంచిలో నాలుగు గులకరాళ్లు వెయ్యి, ముందు పొర కదలదు. పిన్ను పైపొరకే గుచ్చు, కింది పొరతో కలిపి గుచ్చావంటే అడుగు సాగదు, గుడ్డ చిరుగుతుంది. లోపల నిక్కరు వేసుకో, ఈ కాలంలో అందరూ వేసుకుంటున్నారు, ఏ సార్జెంటూ వచ్చి చూడడు. గాలికి ఎదురుగా నిలబడితే కుచ్చిళ్లు వెనకే ఉంటాయి, బుద్ధిగా పడుంటాయి. వెనకనుంచి కొడితేనే బెడద. ఇదంతా నాన్న మనకి చిన్నప్పుడు చెప్పిందే.

ఎఫీ అత్తకి నీ ప్యాంటు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "మా పిల్లలు కిల్టుల్లోనే యుద్ధానికి పడవెక్కారు. ప్యాంటు వేసుకున్నవాడు వాళ్ల కోసం వాయించనక్కర్లేదు" అంది. మళ్లీ, "పోయినవాడి బట్ట అని అనుమానమా వాడికి? లేక పట్నం వెళ్లాక నా కొడుకు బట్ట నామోషీ అయిందా?" అనడిగింది. ఇప్పుడు మన గుమ్మం ముందునుంచి వెళ్లడం మానేసింది. చుట్టూ తిరిగి బావికి పోతోంది. నాకు తల కొట్టేసినట్టుంది. నీ పట్టుదల వల్ల ఆ ముసలిదాన్ని ఎందుకురా ఏడిపిస్తావు?

ఇష్బెల్


గ్లాస్గో,
30 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండిపోయింది. తర్వాత నీ తప్పేముందిలే అనిపించింది. నీకు చెప్పందే నీకెలా తెలుస్తుంది? ఇది చదివి పొయ్యిలో పడెయ్యి.

నేను మీకు చెప్పినట్టు నా కాలికి తగిలింది ఇనప ముక్క కాదు. రెండు తొడలూ వెనకవైపు, మోకాలి మడత పైనుంచి, కాలిపోయాయి. ఆస్పత్రిలో వీపు నుంచి చర్మం తీసి అతికారు. చూస్తే నువ్వే మొహం తిప్పుకుంటావు. నిక్కరు అంచు ఒరుసుకున్నా ఆ చర్మం చిట్లుతుంది. వదులు ప్యాంటు తప్ప ఏదీ ఓర్చుకోలేను.

సిగ్గు వల్ల కాదు. అదైతే ఎప్పుడో పోయింది. లాక్లన్, నేను సైనికుల్ని మోసే ఒకే ఇనప బండిలో ఉన్నాం. దానికి నిప్పంటుకుంది. నన్ను బయటికి లాగారు. వాణ్ని లాగలేకపోయారు.

తిరిగొచ్చిన రోజు ఎఫీ అత్త ఏమడిగిందో నీకు గుర్తుందా? నువ్వు పక్కనే ఉన్నావు. "బాధపడ్డాడా?" అంది. తూటా తగిలింది, తెలిసేలోపే పోయాడు, నేను పక్కనే ఉన్నాను, అదే క్షణాన నాకూ కాలికి తగిలింది అన్నాను. ఆవిడ నా చేతులు ముద్దుపెట్టుకుంది. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ బతుకుతోంది. ఇప్పుడు ఆ కొండ మీద ఒక్క గాలి విసురుకి నా కాళ్లు బయటపడితే ఆవిడకి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అదే క్షణం, అదే చోటు అని నా నోటితో నేనే చెప్పాను కదా.

ఇప్పుడు చెప్పు, నీ గులకరాళ్లు ఏం చేస్తాయి?

టోర్మడ్


కిల్‌డారన్,
9 అక్టోబరు

నా తండ్రీ,

కాల్చేశాను. కాల్చేముందు ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. నిన్ను సిగ్గులమారీ అన్న నా నోరు పడిపోను. ఇన్నాళ్లు నా చేతి అన్నం తిని, నా ఎదురుగా కూర్చుని, ఒక్క మాట చెప్పలేదే! నీ మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద వచ్చింది. ఇద్దరం ఏడవాల్సినదాన్ని నువ్వొక్కడివే ఏడ్చావు.

నీకు ఒంట్లో బాగోలేదు, రాలేవని చెబుదామని ఎఫీ అత్త ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. "ఇష్బెల్, వాడు రాకపోతే నేనూ కొండెక్కను. నా కొడుకు పేరు మీద ముసుగు ఎవరు తీస్తే నాకేం" అంది. మనిషి సగమైపోయింది. నువ్వు రాకపోయినా ఆవిడ చచ్చిపోతుంది, తెలిసినా చచ్చిపోతుంది.

అందుకని ఆలోచించాను. గాలాలకి కట్టే చిన్న సీసపు గుండ్లు నాన్నవి ఇంకా పెట్టెలో ఉన్నాయి. ఆవిడ తెచ్చిన కిల్ట్ మన ఇంట్లోనే ఉంది. దాని అంచు మడిచి కుట్టేది కాదు గనక, లోపలివైపు కుచ్చిళ్ల వెనక నాడా వేసి, దాంట్లో గుండ్లు పెట్టి కుట్టాను. బయటికి ఏమీ తెలియదు. గులకరాళ్లు ముందు, సీసం వెనక. కొండ మీద రాయికీ సముద్రానికీ మధ్య నిలబడి సముద్రం వైపు తిరుగు. అక్కడ గాలి ఎప్పుడూ నీళ్ల మీంచే వస్తుంది, ముందునుంచే కొడుతుంది. జనమంతా నీ వెనక, రాయి దగ్గరుంటారు. ఒక్క పాట వాయించి దిగొచ్చెయ్యి. పొట్లం ఈ పడవకే పంపుతున్నాను.

నీ కాళ్ల మీద ఆ గుండ్లు కొట్టుకుంటాయేమో. కానీ నాకు ఇంకో దారి కనిపించలేదురా.

అక్క


గ్లాస్గో,
21 అక్టోబరు

అక్కా,

కిల్ట్ అందింది. వస్తున్నాను, ఎఫీ అత్తకి చెప్పు.

ఆదివారం పొద్దున్నే నది వంతెన మీద కట్టుకుని నడిచి చూశాను. కంగారులో పిన్ను రెండు పొరలకీ కలిపి గుచ్చేశాను. ట్రాం మెట్టెక్కబోతే చిర్రుమంది. వెనకున్న ఒకావిడ "అయ్యో నాయనా, కొత్త పెళ్లికొడుకులా ఉన్నావే" అంది. చిన్న చిరుగే, నేనే కుట్టుకున్నాను. లాక్లన్ బట్ట చింపానే అని రోజంతా మనసు పాడైపోయింది.

నీ గుండ్లు బాగానే పనిచేస్తున్నాయి. వంతెన మీద గాలికి కుచ్చిళ్లు కాస్త ఊగాయే గానీ లేవలేదు. అడుగేసినప్పుడల్లా తొడలకి తగులుతున్నాయి, రాత్రికి కొంచెం రక్తం కనిపించింది. ఏం ఫర్వాలేదు. ఒక్క పాటే కదా, ఓర్చుకుంటాను.

నాకు భయమల్లా ఆవిడ నా వంక చూస్తుందనే. పైపుల్లో గాలి నింపేటప్పుడు ఊపిరి తడబడితే సుతి పోతుంది. సుతి పోతే లాక్లన్ నవ్వేవాడు. చిన్నప్పుడు వాడు నన్ను "చిల్లు సంచీ" అనేవాడు.

టోర్మడ్


గ్లాస్గో,
12 నవంబరు

అక్కా,

చెప్పకుండా సాయంత్రం పడవకే వచ్చేసినందుకు కోప్పడకు. ఎవరైనా పలకరిస్తే ఏడ్చేస్తానేమోనని భయమేసింది. పడవలో అంతా వాంతులు. అయినా ఈ నాలుగేళ్లలో మొదటిసారి కంటినిండా నిద్రపోయాను.

నీకు ఒకటి చెప్పాలి. నువ్వు చెప్పినట్టే సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. ఫాదర్ గారు ముసుగు తీశారు. నువ్వు అన్నట్టే అందరూ నా వెనక. కానీ అలా నిలబడితే ఆ పేర్లకి నేను వీపు పెట్టినట్టయింది. మన ఊళ్లో ఏ పైపరైనా చచ్చిపోయినవాడికి వీపు పెట్టి వాయించాడా? నాన్న చూస్తే ఏమనేవాడు? సంచి నిండింది, మొదటి స్వరం రావాలి, అప్పుడు తిరిగిపోయాను. పేర్ల వైపు తిరిగాను. గాలి వెనక్కొచ్చింది.

మొదటి చరణంలో చచ్చాననుకున్నాను. గుండ్లు ఎగిరెగిరి కొడుతున్నాయి. తొడల మీద చల్లగా తగిలింది. వేళ్లు వదలలేను, ఆపలేను, కళ్లు గట్టిగా మూసుకున్నాను. తర్వాత ఏం పుణ్యమో, గాలి పడిపోయింది. ఉన్నట్టుండి వెనక అంతా నెమ్మదించింది. కుచ్చిళ్లు దిగాయి. పాట మొత్తం ఒక్క తప్పు లేకుండా వాయించాను, నీకు తెలుసుగా. కళ్లు తెరిచి చూస్తే అందరూ తలలు వంచుకునే ఉన్నారు, ఎవరూ చూసి ఉండరు. ఎఫీ అత్త నా కంటికి కనిపించలేదు, జనంలో ఎక్కడో ఉండుంటుంది. చివర్లో మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుని వదిలేసింది. సంతోషించిందనే అనుకుంటున్నాను.

నీ సీసానికీ నీ సూదికీ నా దండాలు. వచ్చే ఏడు కూడా వస్తాను, ఆవిడకి చెప్పు.

టోర్మడ్


కిల్‌డారన్,
19 నవంబరు

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయకుండా ఉందామనే అనుకున్నాను. నువ్వు కంటినిండా నిద్రపోయానని రాశావు చూడు, అది చదివాక కలం ముట్టుకోబుద్ధి కాలేదు. కానీ నాతో పంపిన కబురు నేను దాచలేను.

గాలి పడిపోలేదు. ఆ రోజు చీకటి పడేదాకా అలాగే వీస్తూనే ఉంది. చర్చి గేటు కూడా ఊడిపోయింది.

ఎఫీ అత్త జనంలో లేదు. కొడుకు పేరు దగ్గర నిలబడి చూడలేక దూరంగా, నీ చూపుకి అందని పక్కగా, సముద్రం వైపు అంచున నిలబడింది. నువ్వు తిరగగానే నీ వీపు ఆవిడకి ఎదురుగా వచ్చింది. గాలి కొట్టింది. ఆవిడ చూసింది. నేను ఇవతల రాయి దగ్గరున్నాను, ఆవిడ మొహమే నాకు కనిపించింది. ఆవిడ నడిచొచ్చి నీ వెనకే, తగలకుండా, దగ్గరగా నిలబడింది. నల్లకోటు బొత్తాలు విప్పి రెండు చేతులతో పక్కలకి చాపి పట్టుకుంది. అది చూసి మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. నువ్వు వాయించినంతసేపూ అలాగే ఉన్నారు. నీకు నెమ్మదించిన గాలి అదే.

మర్నాడు పొద్దున వచ్చింది. చుట్టూ తిరిగి కాదు, మన గుమ్మంలోంచే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది కాలిన చర్మమేనా?" అంది.

"అవును అత్తా" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

"వాళ్లిద్దరూ ఒక్కచోటే ఉన్నారు కదూ."

"అవును."

"తూటాతో పోయాడని ప్రతి ఆదివారం దేవుడికి దండం పెట్టుకున్నానే ఇష్బెల్" అంది. తర్వాత చాలాసేపు పొయ్యి వంక చూస్తూ నిలబడింది. నేనే లేచి పొయ్యికి అడ్డంగా నిలబడ్డాను. "ఎంతసేపు పట్టింది?" అంది. నాకు తెలీదన్నాను. "వాడికి తెలుసుగా. వచ్చి చెప్పమను. ఉత్తరంలో వద్దు, వాడి నోటితో నాకే చెప్పాలి. అబద్ధం ఆడినందుకు వాడి మీద కోపం లేదు, ఆ బిడ్డ ఇంకేం చేస్తాడు? కానీ నా కొడుకు ఎలా పోయాడో ఊరందరికీ తెలిసి నాకు తెలియకుండా ఉండటం ఇక నావల్ల కాదు" అంది.

వెళ్తూ వెళ్తూ, నీ కాళ్లకి గొర్రె కొవ్వు రాస్తున్నావా అనడిగింది. గడప దాటాక కూలబడిపోయింది. ఎత్తి ఇంటిదాకా తీసుకెళ్లాను. అప్పటినుంచి మంచం దిగలేదు. రోజూ పడవ వచ్చిందా అని అడుగుతోంది.

రా తమ్ముడూ. నాకు భయంగా ఉంది.

అక్క


గ్లాస్గో,
25 నవంబరు

అక్కా,

శనివారం పడవకి వస్తున్నాను. షెడ్డులో సెలవు అడిగాను, ఇవ్వనన్నారు, అయినా వస్తున్నాను.

ఆవిడ అడిగినవన్నీ చెబుతాను. ఎంతసేపు పట్టిందో చెబుతాను. తక్కువ సేపు కాదు. అరిచాడా అంటే అరిచాడని చెబుతాను. నన్ను బయటికి లాగుతుంటే నేను వాడి కాలరు పట్టుకునే ఉన్నాను. వదలమని నన్ను కొట్టారు. గుడ్డ చిరిగి నా చేతిలోకి వచ్చింది. అదీ చెబుతాను. నాలుగేళ్లుగా ఆవిడ కోసం దాచాననుకున్నాను గానీ, చెప్పడానికి నాకే ధైర్యం లేదేమో. నాకిప్పుడు తెలియడం లేదు. ఆ కోటు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇంకేం దాచను?

ఒక్కటి మాత్రం నీతో ముందే చెప్పుకోవాలి. అన్నీ విన్నాక ఆవిడ చివరికి అడిగేది ఒకటుంది, తల్లి గనక. నన్ను తలుచుకున్నాడా, నన్ను పిలిచాడా అంటుంది.

వాడు పిలిచింది నన్ను. ఆఖరిదాకా నా పేరే పిలిచాడు. ఆవిణ్ని ఒక్కసారి కూడా పిలవలేదు.

నిన్నే పిలిచాడు అత్తా అని చెబుతాను. నువ్వు అక్కడే ఉంటావు. ఆ మాట అనేటప్పుడు నా మొహంలోకి చూడకు.

టోర్మడ్